పద్నాలుగు దిష్టి సీన్లు

సృష్టి చేసేటప్పుడు బ్రహ్మదేవుడు చేసిన పొరపాటు ఒక్కటే. విడుదలకు ముందు దాన్ని సాటి దేవుళ్లకు చూపించి, అభిప్రాయాలు రాయించుకుని, సంతకాలు తీసుకోలేదు. దోమ దగ్గర్నుంచి దగ్గు దాకా లోకంలో లోపాలన్నీ అలా మిగిలిపోయినవే. ఈ సత్యాన్ని రెండు వేల సంవత్సరంలో, ఫిల్మ్ నగర్‌లో, ఇన్ఫోచిత్ర అనే కొత్త నిర్మాణ సంస్థ ప్రారంభోత్సవం నాడు దాని అధినేత సాయిశ్రీనివాస్ గారు కొబ్బరికాయ కొట్టిన చేత్తోనే మైకు పట్టుకుని ప్రకటించారు. ఆయన అంతకుముందు అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పించి, కొత్త శతాబ్దం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపడ్డ దేశాలకు మనుషుల్ని పంపించి పైకొచ్చినవారు. (కంప్యూటర్లు ఆగలేదు. అది కూడా తమ చలవేనని ఆయన వినయంగా ఒప్పుకునేవారు.) సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పద్ధతిని సినిమా కథలకు పెడితే, ఇక ఫ్లాపు అనే మాటకు అర్థం తెలియని తరం ఒకటి పుడుతుందని ఆయన నమ్మకం.

ఆ సభలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు త్రినాథరావు. వయసు నలభై మూడు, సొంతూరు తణుకు దగ్గర, కాపురం యూసుఫ్‌గూడలో రెండు గదుల వాటా. పద్నాలుగేళ్లలో ఇరవై రెండు సినిమాలకు రాశాడు. ఒక్కదాంట్లోనూ పేరు పడలేదు. పరిశ్రమలో ఇలాంటివాళ్లను ఘోస్టులంటారు. దయ్యానికైనా అమావాస్యకి ఒకసారి కనపడే అవకాశం ఉంటుంది, ఇతనికి అదీ లేదు. ఏ సినిమాలో ఏ మాటకు జనం ఈలలు వేసినా అది తన మొగుడు రాసిందేనని భార్య పుష్పవల్లి చుట్టాలకు చెప్పేది. "అన్నయ్యగారి పేరు పడుతుందేమోనని చివరిదాకా కూర్చున్నాం వదినా, ఆఖరికి స్వీపర్ వచ్చి లేపాడు" అని ఆవిడ మేనత్త కూతురు ఒకసారి ఫోన్లో అంది. పుష్పవల్లి ఆ తర్వాత చుట్టాలకు చెప్పడం మానేసింది.

ఇప్పుడు సాయిశ్రీనివాస్ గారు ముగ్గురు రచయితలకు మూడు సినిమాలు ఇచ్చారు. ఒప్పందం కాగితం మీదే ఉంది. ఇరవై ఒక్క రోజుల్లో స్క్రిప్టు పూర్తిచేసి, సమీక్షలో ఒక్క దోషం కూడా మిగలకుండా చేస్తే, తెర మీద 'కథ, స్క్రీన్‌ప్లే, మాటలు' అని రచయిత పేరు ఒంటరిగా పడుతుంది, పక్కన ఇంకొకరి పేరు లేకుండా. గడువు దాటితే కథ సంస్థది, పేరు ఎవరిదో సంస్థ చూసుకుంటుంది. మొదటి సినిమా త్రినాథరావుది. సాఫ్ట్‌వేర్‌లో గడువులు వెనక్కి జరుగుతాయని విన్నాడు గాని ఇది జరగదు. ఇరవై రెండో రోజు శుక్రవారం ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు పురోహితుడు ముహూర్తం పెట్టేశాడు, హీరో ఆ పూటకు డేట్లు ఇచ్చేశాడు.

మిగతా ఇద్దరు రచయితలూ అతనికి పరాయివాళ్లు కారు. ఒకరు అచ్యుతరామయ్య గారు, మధురానగర్‌లో ఉంటారు, నలభై ఏళ్లుగా మాటలు రాస్తున్న పెద్దాయన. త్రినాథరావు ఆరేళ్లు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. రెండోవాడు లక్ష్మయ్య, జనగామ వైపువాడు, కామెడీ రాస్తాడు, అతనికీ ఇంతవరకు తెర మీద పేరు లేదు. ముగ్గురూ ఒకరి కథకు ఒకరు సమీక్షకులు.

నియమాలు చాలా సులువు. సంస్థ నాణ్యతాధికారిణి హిమజ వాటిని బోర్డు మీద రాసి వివరించింది. ఆ అమ్మాయికి ఇరవై ఆరేళ్లు, పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోనే, అంతకుముందు ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కు తప్పులు పట్టేది. మొదటి వారం రాయడం, తర్వాత రెండు వారాల్లో మూడు విడతల సమీక్ష. ప్రతి విడతలో ప్రతి సమీక్షకుడూ కనీసం ఏడు దోషాలు పట్టి తీరాలి. ఏడుకు తగ్గితే ఆ సమీక్షకుడు పని చేయలేదని అర్థం కనుక, అతని సొంత కథ ఆగిపోతుంది. రాసిన దోషాన్ని వెనక్కి తీసుకోవడానికి వేరే ఫారం ఉంది (ఇంకా అచ్చుకు వెళ్లలేదు). దోషం పడ్డ సీనును మార్చవచ్చు, లేదా తొలగించవచ్చు. మారిస్తే అది కొత్త సీను కింద లెక్క, దానికి మళ్లీ మూడు విడతలు మొదలు. తొలగించడానికి ఒక్క సంతకం చాలు. సమీక్ష నడిచినన్నాళ్లూ రచయిత, సమీక్షకుడు కథ గురించి మాట్లాడుకోరాదు, ఒకే హోటల్లో టీ తాగరాదు. అది పదకొండో నియమం.

"టీ తాగకుండా కథ ఎట్ల రాస్తరు మేడమ్?" అని లక్ష్మయ్య అడిగాడు.

"తాగొచ్చు సర్. వేర్వేరు హోటళ్లలో" అంది హిమజ.

త్రినాథరావు కథ అతను పదేళ్లుగా లోపల దాచుకున్నది. బస్సు డిపోలో ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు దాచే గది ఒకటుంటుంది. ఆ గది గుమాస్తా ఒకడు, ఆ సామాన్లను ఎలాగైనా వాటి మనుషులకు చేర్చాలని తిరుగుతుంటాడు. అంతే కథ. అందులో అతనికి ప్రాణంలాంటి సీను ఒకటుంది. ఎవరో ఒక టిఫిన్ క్యారేజీ మరిచిపోతారు. లోపల సగం తిన్న అన్నం ఉంటుంది. రేపు వచ్చేవాళ్లు వాసన చూసి సిగ్గుపడకూడదని గుమాస్తా దాన్ని శుభ్రంగా కడిగి తోమి పెడతాడు. నెల తర్వాత ఒకావిడ వస్తుంది, నుదుట బొట్టుండదు. క్యారేజీ మూత తీసి చూసి, "కడిగేశారా?" అంటుంది. ఆస్పత్రిలో ఆవిడ భర్త ఆఖరిసారి తిని వదిలిన ముద్ద అందులో ఉండేది. ఆవిడ మూత పెట్టి, క్యారేజీ పట్టుకుని వెళ్లిపోతుంది.

మొత్తం నలభై రెండు సీన్లు ఐదు రోజుల్లో పూర్తయ్యాయి. మిగిలిన రెండు రోజుల్లో త్రినాథరావు పరిశ్రమలో పెద్దలు నేర్పిన కిటుకు ప్రయోగించాడు. కొత్తగా కట్టే మేడకు ముందు దిష్టిబొమ్మ కడతారు కదా, చూసేవాడి కన్ను దాని మీద పడి మేడ బతుకుతుందని. కథకూ అంతే. నిర్మాత అన్నాక చెయ్యి పెట్టకుండా ఉండడు. ఆ చెయ్యి పెట్టుకోవడానికి వీలుగా ఒక చెత్త సీను రాసి ఉంచితే, ఆయన దాన్ని పీకించేసి, కథను నేనే కాపాడానన్న తృప్తితో భోజనానికి వెళ్లిపోతాడు. ఇక్కడ ఇద్దరు సమీక్షకులు, తలా ఏడు. కాబట్టి దిష్టి సీన్లు పద్నాలుగు కావాలి.

రాశాడు. గుమాస్తాకు ఒక కవల సోదరుడున్నాడని రాశాడు. మతి పోయిన బామ్మ తల మీద కొబ్బరికాయ పడి మతి తిరిగి వచ్చినట్టు రాశాడు. విలన్ డిపో మొత్తాన్ని కొనేస్తే, గుమాస్తా చొక్కా చించుకుని అరవగానే నలభై బస్సులు డ్రైవర్లు లేకుండా వాటంతట అవే స్టార్టయినట్టు రాశాడు. రాస్తూ రాస్తూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"ఏంటండీ అంత నవ్వు?" అంది పుష్పవల్లి.

"చెత్త రాస్తున్నానే."

"అదేదో మొదట్నుంచీ రాసుంటే ఈపాటికి ఫిల్మ్ నగర్లో ఇల్లుండేది" అని ఆవిడ బియ్యం ఏరుకుంటూ లోపలికి వెళ్లింది.

ఎనిమిదో రోజు కథ వినిపించాడు. స్క్రిప్టు చదవాలని నియమం, కానీ ఫిల్మ్ నగర్‌లో కథ వినే అలవాటే గాని చదివే అలవాటు ఎవరికీ లేదు కనుక, హిమజ సమక్షంలో, స్క్రిప్టులో ఉన్న మాట తప్ప మరో మాట అనకుండా చెప్పడానికి ప్రత్యేక అనుమతి దొరికింది. దిష్టి సీను వచ్చినప్పుడల్లా త్రినాథరావు అర్థవంతంగా దగ్గాడు. పద్నాలుగు సార్లు దగ్గాడు. మూడోసారికి హిమజ మంచినీళ్లు తెప్పించింది, తొమ్మిదోసారికి దగ్గు మాత్ర ఇచ్చింది. క్యారేజీ సీను దగ్గర లక్ష్మయ్య కళ్లు తుడుచుకున్నాడు. అచ్యుతరామయ్య గారు కళ్లజోడు తీసి చాలాసేపు పెట్టుకోలేదు. హిమజ మాత్రం 'సీను 37, వ్యవధి మూడు నిమిషాలు' అని రాసుకుంది, కానీ రాసిన తర్వాత పెన్ను కాసేపు కాగితం మీదే ఉంచింది.

మర్నాడు త్రినాథరావు చెప్పులు బయట విడిచి కంప్యూటర్ గదిలోకి వెళ్లాడు. (దుమ్ము పడితే కంప్యూటర్‌కు జబ్బు చేస్తుందని అందరూ గట్టిగా నమ్మే రోజులవి.) పద్నాలుగు దోషాలూ తెర మీద ఉన్నాయి. ఒక్కటి కూడా దిష్టి సీను మీద లేదు. పద్నాలుగూ అసలు సీన్ల మీదే పడ్డాయి. పైగా ఫారంలో 'మెచ్చదగిన అంశములు' అనే గడిలో అచ్యుతరామయ్య గారు ఇలా రాశారు: 'బామ్మకు మతి వచ్చు సన్నివేశము రోమాంచకము. అచ్చముగా నా ఫక్కీ. శిష్యుడు ప్రయోజకుడైనాడు.'

అప్పుడు వెలిగింది త్రినాథరావుకు. ఆరేళ్లు ఆయన దగ్గర నేర్చుకున్న చెయ్యి కదా, చెత్త రాయమంటే అది సహజంగా ఆ దారే పట్టింది. తను నవ్వుకుంటూ రాసిన సీన్లను ఆ పెద్దాయన నలభై ఏళ్లుగా చిత్తశుద్ధితో, కళ్లనీళ్లు పెట్టుకుంటూ రాస్తున్నారు. అందులో కొన్ని వంద రోజులు ఆడాయి కూడా.

సరే, గురువుగారి సంగతి తెలిసింది. లక్ష్మయ్యకేమైంది? అడుగుదామంటే పదకొండో నియమం అడ్డం. పద్నాలుగు దోషాలకు పద్నాలుగు సంతకాలు పెట్టి సీన్లు తీసేసి, త్రినాథరావు ఇంటికెళ్లి ఒక నిర్ణయానికి వచ్చాడు. దిష్టిబొమ్మ మరీ అందంగా ఉన్నట్టుంది, ఇంకాస్త వికారంగా చెయ్యాలి. రాత్రికి రాత్రి పద్నాలుగింటినీ మార్చాడు. కవలల్ని ముగ్గురు చేశాడు. బామ్మ మీద ఒక్కటి కాదు, మూడు కొబ్బరికాయలు పడేశాడు. నలభై బస్సులు స్టార్టవడమే కాక హారన్లతో జాతీయ గీతం వాయించాయి. మామూలుగా సీను మారిస్తే మళ్లీ మూడు విడతలు కదా అని భయపడ్డాడు గాని, ఆ నియమం దోషం ఉన్న సీన్లకే వర్తిస్తుందట. దోషం లేనివాటిని ఎంత పాడుచేసినా అడిగేవాడు లేడు.

రెండో విడత దోషాలు పదమూడో రోజు వచ్చాయి. ఇంకో పద్నాలుగు అసలు సీన్లు పోయాయి. మెచ్చదగిన అంశముల గడిలో 'మూడవ కొబ్బరికాయ అమోఘము' అని ఉంది.

ఇక లాభం లేదని త్రినాథరావు నేరానికి సిద్ధపడ్డాడు. యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దగ్గర హోటల్లో, సినిమావాళ్లు రాని బల్ల చూసుకుని, లక్ష్మయ్యను టీకి పిలిచాడు. లక్ష్మయ్య అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆ కొబ్బరికాయలు నీకు కనపళ్లేదా లక్ష్మయ్యా?"

"కనవడ్డయన్నా. నువ్వు కావాల్నని చెత్త రాసినవని గుడ ఎర్కే."

"మరి వాటి మీద రాయవేం?"

"ఎట్ల రాయాలె? సాయిశ్రీనివాస్ సారుకు గసుంటియే నచ్చుతయ్ గదా. గవ్వి తీస్తే నీ పిక్చర్ ఆగుతదేమోనని భయమైంది. నా చేతుల మీద నీ పేరు ఆగొద్దని గా పద్నాలుగు సీన్లు ముట్టలే. నాకు నచ్చినయే తీసిన." లక్ష్మయ్య సాసర్లో టీ పోసుకున్నాడు. "మనకు నచ్చినయ్ ఎట్లా నడువయ్ గదన్నా."

త్రినాథరావు కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. "అవి దిష్టిబొమ్మలయ్యా" అన్నాడు చివరికి. "అసలు ఇల్లు కూల్చి బొమ్మను కాపాడావు."

"ముందే చెప్పొద్దా అన్నా."

"పదకొండో నియమం."

"గది గుడ నిజమే" అని లక్ష్మయ్య ఒప్పుకున్నాడు. మూడో విడతలో తన ఏడూ దిష్టి సీన్ల మీదే రాస్తానని, బిడ్డ మీద ఒట్టేశాడు. గురువుగారి ఏడు ఎలాగూ పోతాయి, కానీ క్యారేజీ సీనుతో సహా ఏడు అసలు సీన్లు బతుకుతాయి. పెద్దలు ఊరికే అనలేదు, సర్వనాశనం వచ్చినప్పుడు సగం వదులుకోమని.

పందొమ్మిదో రోజు లక్ష్మయ్య కంప్యూటర్ ముందు కూర్చుని కొబ్బరికాయల సీను మీద దోషం రాయబోయాడు. తెర ఒప్పుకోలేదు. హిమజను పిలిచాడు.

"మార్చకముందు ఒకసారి, మార్చిన తర్వాత ఒకసారి, రెండు విడతల్లోనూ ఒక్క దోషం కూడా పడని సీన్లు ఫ్రీజ్ అయిపోతాయి సర్" అంది హిమజ. "వాటిని ఎవరూ ముట్టుకోలేరు. అవి ప్రూవ్డ్ సీన్స్."

"ఎవరు ప్రూవ్ చేసిండ్రమ్మా?"

"మీరే సర్. రెండుసార్లు."

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నానికి గురువుగారి ఏడు, లక్ష్మయ్య ఆరు పూర్తయ్యాయి. ముట్టుకోదగ్గ సీను ఇంకొక్కటే మిగిలింది, ముప్పై ఏడోది. లక్ష్మయ్య ఆఫీసు పక్కన ఎస్టీడీ బూత్‌కు పోయి త్రినాథరావు ఇంటి కింది వాటావాళ్లకు ఫోన్ చేసి పిలిపించాడు.

"అన్నా, ఆరు రాసిన. ఏడోది రాయాల్నంటే గా క్యారేజీ సీనే ఉన్నది. రాయకుంటే నా కథ ఆగుతది. నువ్వు వద్దంటే రాయ. నిజంగ రాయ. ఆగితే ఆగనియ్, ఫికర్ లేదు."

త్రినాథరావుకు ఒక్క క్షణం 'వద్దు' అనాలనిపించింది. లక్ష్మయ్య కథ ఒక పెళ్లి బ్యాండ్ మేళం మేస్త్రిది. దాంట్లోని మంచి సీన్లను ఈ రెండు వారాల్లో తను కూడా ఏడేసి చొప్పున నరికాడు, నియమం ప్రకారం, నవ్వుతూనే. లక్ష్మయ్య ఒక్క మాట అనలేదు. అతనికీ ఇంటి దగ్గర పేరు కోసం చూసేవాళ్లున్నారు.

"రాయి లక్ష్మయ్యా" అన్నాడు.

"ఏమని రాయాలె?"

"హీరో గిన్నెలు కడిగితే అభిమానులు ఒప్పుకోరని రాయి."

సాయంత్రం త్రినాథరావు చెప్పులు బయట విడిచి సంతకం పెట్టడానికి వెళ్లాడు. హిమజ ఫారం ముందు పెట్టి, వెంటనే పెన్ను ఇవ్వలేదు.

"సర్, ఆ సీన్ నాకు చాలా నచ్చింది. మా అమ్మకు కూడా చెప్పా. అమ్మ రెండు రోజులు దాని గురించే మాట్లాడింది."

"అయితే ఆ మాట ఎక్కడైనా రాయొచ్చు కదమ్మా."

"నాణ్యతాధికారికి నచ్చడానికి ఫామ్‌లో కాలమ్ లేదు సర్" అంది హిమజ, నిజంగానే బాధపడుతూ. "మారుస్తారా, తొలగిస్తారా?"

మారిస్తే ఇంకో రెండు వారాలు. ముహూర్తం పొద్దున్నే. త్రినాథరావు తొలగించు అన్నచోట సంతకం పెట్టాడు. చేసిన పని సంతకమంత చిన్నదిగా అనిపించలేదు. తెర మీద 'మిగిలిన దోషములు: సున్న' అని వచ్చింది. గదిలో ఉన్న నలుగురూ చప్పట్లు కొట్టారు.

పద్నాలుగు సీన్లకు ఆరు పాటలు, ఐదు ఫైట్లు కలిపితే రెండున్నర గంటలు చక్కగా సరిపోయింది. శుక్రవారం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు మొదటి షాటుగా బామ్మ మీద మూడు కొబ్బరికాయలు పడ్డాయి. "సున్న దోషాలతో మొదలైన మొట్టమొదటి తెలుగు సినిమా" అని సాయిశ్రీనివాస్ గారు పత్రికలవాళ్లకు చెప్పారు. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చిన పుష్పవల్లి ముందు వరసలో కూర్చుని, షాటు అయిపోయాక మొగుడి మొహంలోకి చూసింది.

"ఆ గుమాస్తా కథ కదూ ఇది? నాకు పదేళ్ల కిందట చెప్పారే, క్యారేజీ..."

"అదే" అన్నాడు త్రినాథరావు.

సెట్టు చుట్టూ జనం వచ్చి అతనికి చేతులు కలుపుతున్నారు. పద్నాలుగేళ్లు ఎవరి పేరు మీదో మంచి సీన్లు రాశాడు, సిగ్గుపడాల్సిన పని లేకుండా బతికాడు. ఇప్పుడు మూడు కొబ్బరికాయల మీద తన పేరు, ఒంటరిగా, పక్కన ఇంకొకరి పేరు కూడా లేకుండా. నింద పంచుకోవడానికైనా తోడు లేదు.

మధ్యాహ్నం హిమజ దగ్గరికి వెళ్లాడు. "నా పేరు తీసేయండమ్మా. ఎవరి పేరైనా వేసుకోండి. నాకు ఘోస్టుగా ఉండడమే అలవాటు."

హిమజ నియమావళి తిరగేసింది. "పేరు తీయడం కూడా మార్పే సర్. ఆమోదం అయిన తర్వాత ఏ మార్పైనా సమీక్షకు పంపాలి. మీ పేరు సమీక్షకులకు పంపిస్తా. ఇద్దరూ కనీసం ఏడేసి దోషాలు పడితే, ఆటోమేటిక్‌గా తొలగిస్తాం."

"ఏడుకు తక్కువ పట్టడానికి లేదు కదా?"

"లేదు సర్. పడితే వాళ్ల కథలే ఆగిపోతాయి."

మొదటిసారిగా ఆ విధానం మీద త్రినాథరావుకు అభిమానం కలిగింది. ఏదెట్లా పోయినా ఏడు మాత్రం ఏడే. వాళ్లకు చెప్పాల్సిన పని కూడా లేదు, చెప్పకూడదు కూడా. నిశ్చింతగా ఇంటికెళ్లి, మూడు వారాల తర్వాత కడుపునిండా తిని పడుకున్నాడు.

నాలుగో రోజు నోటీసు బోర్డు మీద కాగితం అంటించి ఉంది. అచ్యుతరామయ్య గారు గుండ్రటి అక్షరాలతో, 'ఇది నా శిష్యుని పేరు. వెతికితిని. దోషము కానరాలేదు' అని రాశారు. లక్ష్మయ్య, 'పేరు మంచిగున్నది. ఒక్క దోషం లేదు' అని రాశాడు. కింద హిమజ సంతకంతో సంస్థ నిర్ణయం ఉంది:

'కనీస దోషములు పట్టనందున సమీక్షకులు ఇద్దరి కథలూ నిలిపివేయడమైనది. త్రినాథరావు గారి పేరు యథాతథంగా ఉంచడమైనది.'